అష్టమి చంద్రుడి మీదుగా

మా అమ్మాయి ఫణిశ్రీ కాలేజీకి వెళ్ళడం లేదన్న సంగతి మాకు దసరా వెళ్ళిన వారంలో తెలిసింది. భిలాయిలో ఇంజినీరింగు మూడో సంవత్సరం. రోజూ పొద్దున్నే టిఫిను డబ్బా తీసుకుని లోకల్ రైలెక్కేది, సాయంత్రం దిగేది. అన్నాళ్ళూ ఆ డబ్బా ఎక్కడ కూర్చుని తిన్నదో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలీదు. సంగతి బయటపడ్డ రోజున మా ఆయన అరవలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు తీగమీద ఆరేసి, "దాని సంగతులేవీ నాకు చెప్పకు సరోజా" అన్నారు. ఆ రోజునుంచి ఆ పిల్లతో మాట మానేశారు.

మా ఆయన పేరు దుర్గారావు. రైల్వేలో లోకో పైలట్, గూడ్సు బండ్లు నడిపేవారు. మా మామగారి ఉద్యోగం నాటినుంచీ రాయపూర్‌లోనే ఉన్నాం, డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీలో. ఊరు విజయనగరం దగ్గరైనా, అక్కడ మాకిప్పుడు చుట్టాల పెళ్ళిళ్ళు తప్ప మరేమీ లేవు. ఆయనకు పేకాట లేదు, తాగుడు లేదు. ఉన్న పిచ్చి ఒకటే, చంద్రుణ్ణి ఫొటోలు తియ్యడం. క్వార్టరు మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన టెలిస్కోపు నిలబెట్టి, దాని వెనక చిన్న కెమెరా బిగించి, వైరు లాప్‌టాప్‌కి తగిలించేవారు. డ్యూటీ లేని సాయంత్రమూ శుద్ధ అష్టమీ కలిసొచ్చాయంటే ఇంక ఎంత పిలిచినా కిందికి దిగేవారు కాదు. పౌర్ణమి చంద్రుడు ఎందుకూ పనికిరాడనేవారు. ఎండ నిట్టనిలువుగా పడి సున్నం కొట్టిన గోడలా ఉంటాడట. అష్టమినాడైతే సగం చంద్రుడి మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, చిన్న గుట్టకి కూడా పొడుగాటి నీడ ఉంటుంది. ఆ నీడలే ఆయనకి కావాలి.

కాలేజీ మానేశాక ఫణి ఇంట్లోనే ఉండేది. తండ్రి హాల్లో ఉంటే అది వంటింట్లో, తండ్రి డ్యూటీకెళ్తే అది హాల్లో. ఇద్దరి మధ్యా కబుర్లు మొయ్యడం నా పని. ఫ్యాను తగ్గించమనాలన్నా, ఉప్పు అందుకోవాలన్నా నా మీదుగానే. జనవరిలో ఒకనాడు అలాగే నాచేత అడిగించింది, నాన్న చంద్రుడి వీడియోలున్న హార్డ్ డిస్క్ కావాలని. ఆయన పేపరు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"తీసుకోమను. పాడు చెయ్యొద్దని చెప్పు" అన్నారు.

ఆ పిల్ల ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉంది.

అది ఏం చెయ్యబోతోందో నాకు మొదట అర్థం కాలేదు. చంద్రుడి మీదుగా ఎగిరే సినిమా తీస్తానంది. రాకెట్టు కిటికీలోంచి చూసినట్టు కింద కొండలూ గుంటలూ వెనక్కి జరుగుతూ ఉండాలట. నాన్న మేడమీంచి తీసినవాటితోనే చెయ్యాలట. తరవాత పక్కన కూర్చుని చూడగా చూడగా పని తెలిసింది. టెలిస్కోపులో చంద్రుడు నీళ్ళడుగున ఉన్న రాయిలా ఆడుతూ కనిపిస్తాడు. అందుకని ఫొటో తియ్యరు, వీడియో తీస్తారు. అందులో వేల బొమ్మలుంటాయి. గాలి ఒక్క క్షణం నిలిచినప్పుడు పడ్డ మంచి బొమ్మల్ని కంప్యూటరు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్క స్పష్టమైన బొమ్మ చేస్తుంది. అలాంటి ముక్కల్ని పక్కపక్కన అతికితే సగం చంద్రుడు తయారవుతాడు. అయినా అది గోడకి తగిలించుకునే పటమే కదా, దానిమీద ఎగరడం ఎలాగని అడిగాను. చంద్రుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు అక్కడి కొండల ఎత్తులూ గుంటల లోతులూ కొలిచి పెట్టాయట. ఆ కొలతలు నెట్‌లో ఎవరైనా తీసుకోవచ్చట. వాటితో కంప్యూటరులో చంద్రుడి అచ్చు తయారుచేసి, మిట్టపల్లాలకి అతుక్కునేలా తడిగుడ్డ పరిచినట్టు నాన్న బొమ్మని దానిమీద పరుస్తుంది. ఆ తరవాత కెమెరాని ఏ దారిన కావాలంటే ఆ దారిన తీసుకెళ్ళొచ్చు.

సంక్రాంతి సెలవులు అయిపోయి కాలనీ పిల్లలు బడికి పోతున్న రోజుల్లో మొదటి ముక్క తయారైంది. టీవీలో పెట్టింది. ఆయన డ్యూటీకి వెళ్ళబోతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. కట్టుకుంటూనే చూశారు. తెరమీద గుంటలు గబగబా వెనక్కి పరిగెత్తి ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆయన లేచి బ్యాగు భుజానేసుకుని, గుమ్మం దగ్గర నాతో అన్నారు.

"ఆ బండి నడిపేదెవలో గాని, స్టార్టింగే తెలీదు. ముందు పెట్టెల మధ్య కప్లింగులన్నీ సర్దుకోవాలి, అప్పుడు లాగాలి. ఆపడమూ అలాగే. లోపలున్నోళ్ళు పడిపోతారు."

ఆయన మెట్లు దిగాక ఫణి నవ్వింది. ఆ ఇంట్లో చాలాకాలానికి విన్న నవ్వు. ఆయన తిరిగొచ్చేసరికి మళ్ళీ చేసి పెట్టింది. ఈసారి చంద్రుడు తెలిసీ తెలియకుండా కదిలాడు. ఆయన టీ తాగుతూ చూసి, రెండోసారి వేయించమన్నారు, నాతో.

ఫిబ్రవరిలో పని ఆగింది. దక్షిణాన పెద్ద గుంటల దగ్గర మొదలై, వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి పైకి పోయి, ఉత్తరాన కొండల వరస దాటాలని దారి వేసుకుంది. ఆ దారి నడుమ కొంతమేర పాత వీడియోల్లో లేదు. ఆ శీతకాలం తీసినవాటిలోనే ఉంది. అవన్నీ మసక. డిసెంబరువీ మసకే, జనవరివీ మసకే. నేను ఆయన్ని అడిగితే, "ధూల్ ఉంది గదా. భన్‌పురి ఫ్యాక్టరీల పొగంతా మన నెత్తిమీదే. ఏం చేస్తాం" అన్నారు. అదీ నిజమే. చలికాలం మేడమీద బట్టలు ఆరేస్తే నల్లటి నుసి పడేది.

ఫిబ్రవరి అష్టమికి ఆయన ఇంట్లోనే ఉన్నారు. గాలి తేటగా ఉంది. చాలాసేపు తీశారు. మర్నాడు ఫణి అవి తెరిచి చూసి, నన్ను వంటింట్లోంచి పిలిచింది. "అమ్మా, ఇది ధూళి గాదు" అంది. గాలివల్లయితే ఒక బొమ్మ బాగుండి ఇంకోటి పాడవుతుందట. వేలల్లో కొన్నయినా మంచివి పడాలి. వీటిల్లో ఒక్కటీ లేదు. అన్నీ ఒకే తీరుగా మసక. ఫోకస్ చేసేటప్పుడే తప్పిందన్నమాట. టెలిస్కోపుకి ఫోకస్ తిప్పే మరలో ఏదైనా వదులై ఉండొచ్చంది. ఆ మాట అని నా మొహంలోకి చూసింది. నేను పొయ్యిమీద పప్పు ఉందని లేచి వెళ్ళిపోయాను.

ఎందుకంటే నాకు అప్పటికే కొన్ని తెలుసు. డ్యూటీ మెసేజి వస్తే ఫోను నాకిచ్చి చదవమంటున్నారు. పేపరు చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు గాని పేజీ తిప్పడం లేదు. షుగరు మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మర్చిపోతారు. అడిగితే నిద్ర చాలడం లేదంటారు. గూడ్సు డ్రైవర్లకి నిద్ర చాలకపోవడం కొత్త సంగతి కాదు గనక నేనూ అదే అనుకోవాలని చూశాను.

హోలీ తరవాత వడగళ్ళ వాన పడింది. దుమ్మంతా కడుక్కుపోయి ఆకాశం అద్దంలా తేలింది. చైత్ర శుద్ధ అష్టమినాడు ఆయన డ్యూటీమీద డోంగర్‌గఢ్‌లో ఉన్నారు. మర్నాడు శ్రీరామనవమి. నేను పానకానికి మిరియాలు దంచుతుంటే ఫణి వచ్చి, మేడమీదికి రమ్మంది. టెలిస్కోపు గొట్టం ఒక్కర్తే ఎత్తలేదు. ఇద్దరం మోసుకెళ్ళి నిలబెట్టాం. పొద్దు గుంకిన కాసేపటికే చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు. నేను టార్చి పట్టుకున్నాను, అది లాప్‌టాప్ తెర చూస్తూ మర తిప్పింది. మసకగా ఉన్న గుంటలు మెల్లమెల్లగా అంచులు తేలాయి. ఇంకాస్త తిప్పితే మళ్ళీ మసకబారాయి. వెనక్కి తిప్పింది. ఒకచోట బొమ్మ నిలిచింది. అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. గుంట అడుగున చిన్న కొండ, ఆ కొండకి సూదిలాంటి నీడ.

"మర బాగానే ఉంది అమ్మా" అంది ఫణి.

అది వీడియో తీసినంతసేపూ కాలనీ గుడి మైకులో ఎవరో రేపటి కల్యాణానికి టైము చెబుతున్నారు. అంతా అయ్యాక మెట్లమీద కూర్చుని నేనే అన్నాను, జూన్‌లో ఎలాగూ ఆయనకి రైల్వేవాళ్ళ మెడికల్ పరీక్ష ఉంది, అప్పుడు కళ్ళు వాళ్ళే చూస్తారు కదా అని. మనం చెప్పి తీసిపారేయించడం ఎందుకని. ఆయన బండి నడపకుండా ఉన్న రోజులు నేను ఊహించుకోలేను. పాతికేళ్ళ పైమాట అది.

"జూన్ దాకా ఆగుదామా?" అంది. "రేపు సాయంత్రం మళ్ళీ బండెక్కుతాడు అమ్మా."

నవమి పొద్దున ఆయన వచ్చారు. స్నానం చేసి, గుడికి వెళ్ళి, వడపప్పు దొప్పతో తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను పానకం గ్లాసు చేతికిచ్చాను. ఫణి లాప్‌టాప్ టీవీకి తగిలించింది. తెరమీద రెండు బొమ్మలు పక్కపక్కన. రెండూ ఆ గుంటవే. ఎడమది ఆయన ఫిబ్రవరిలో తీసింది, కుడిది మేము నిన్న తీసింది. ఏది ఎవరు తీసిందో ఫణి చెప్పలేదు.

"నాన్నా, వీటిల్లో ఏది బాగుంది?" అని అడిగింది.

దసరా తరవాత అది ఆయనతో నేరుగా అన్న మొదటి మాట. ఆయన ఉలిక్కిపడ్డట్టు దానివైపు చూసి, ఆ తరవాత టీవీ వైపు చూశారు. చూస్తూ ఉన్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎడమ బొమ్మలో కొండ ఉన్నచోట బూడిదరంగు మరక, కుడి బొమ్మలో కొండా దాని నీడా.

"రెండూ ఒకేలాగున్నాయి గదా" అన్నారు. "ఏటి తేడా?"

ఆయన గ్లాసు కింద పెట్టి లేచారు. టీవీ దగ్గరికంటా వెళ్ళి, ఎడం కన్ను అరచేత్తో మూసుకుని చూశారు. తరవాత కుడి కన్ను మూసుకుని చూశారు. మళ్ళీ ఎడమది.

"సరోజా, నీకు తేడా కనబడతందా?"

"కనబడతందండి."

"ఏటి కనబడతంది?"

"కుడిపక్క దాంట్లో గుంట మధ్యన కొండ ఉందండి. ఎడంపక్క దాంట్లో లేదు."

ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, పానకం మిగిలింది తాగారు. గ్లాసు నాకిచ్చి ఫోను తీశారు. క్రూ లాబీలో గురునాథమని ఆయన స్నేహితుడు, డ్రైవర్లకి డ్యూటీలు వేసేది అతనే. ఆయన మామూలు గొంతుతోనే మాట్లాడారు. "గురూ, సాయంత్రం బండికి ఇంకెవర్నైనా చూడు. నేను సిక్ రిపోర్టు చేస్తన్నాను... జ్వరం గాదు. కన్ను." అవతల అతను ఏదో నచ్చజెబుతున్నట్టుంది, పండగపూట తొందరపడొద్దనో, మెడికల్ దాకా చూడమనో. ఆయన అంతా విని, "లేదు. వెనకాల గార్డున్నాడు, ఎదర గేట్లున్నాయి. ఎక్కను" అని పెట్టేశారు.

ఫోను పక్కన పెట్టి, ఫణివైపు తిరిగారు.

"నీకెప్పట్నుంచి తెల్సు?"

"ఫిబ్రవరి నుంచి అనుమానం. నిన్న పక్కా అయింది."

"ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది."

"మనం మాట్లాడుకోలేదు గదా నాన్నా" అంది అది.

ఆయన తల ఊపారు. చెప్పులేసుకుని రైల్వే ఆసుపత్రికి బయల్దేరితే, పండగరోజు పెద్ద డాక్టరుండడని నేను ఆపబోయాను. ఉన్నవాళ్ళే చూస్తారన్నారు. స్కూటీ తాళం ఫణి తీసింది. ఆయన వెనక కూర్చున్నారు.

షుగరువల్ల రెండు కళ్ళ వెనక పొరలోనూ నీరు చేరిందన్నారు, కుడి కంట్లో ఎక్కువ. అక్కణ్ణించి పెద్దాసుపత్రికి పంపారు. కంట్లోనే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఉన్న చూపు నిలుస్తుందని, పోయిన చూపు కొంత రావచ్చని, అంతా రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఏప్రిల్ ఆఖరుకి కాగితం వచ్చింది. ఇంజను ఎక్కడానికి పనికిరారు, కూర్చుని చేసే పని ఇస్తారు. గురునాథం పక్కనే, క్రూ లాబీలో వేశారు.

ఆయన దానిగురించి ఇంట్లో పెద్దగా మాట్లాడలేదు. డ్యూటీ సామాను అప్పజెప్పే ముందురోజు ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా నాకిచ్చి ఉతకమన్నారు. ఎలాగూ తిరిగిచ్చేసేవే కదా అనబోయి మానేశాను. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చాను. లాబీకి వెళ్ళడం మొదలెట్టాక కొన్నాళ్ళు సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి వచ్చేసి, ఏం చెయ్యాలో తెలియక గేటు దగ్గర నిలబడేవారు. యార్డులో ఇంజను కూత వినబడితే ఏ బండో చెప్పి, అది లేటో కాదో చెప్పేవారు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, తినకుండా, "ఆ నెలల్లో ఏ సిగ్నలూ తప్పు చదవలేదు సరోజా. నాకు తెల్సి" అన్నారు. ఆయన నన్ను అడుగుతున్నారో చెబుతున్నారో నాకు తెలీలేదు. మజ్జిగ పోశాను.

ఫణి ఆ మే నెలంతా చంద్రుడి పనిమీదే ఉంది. ఎండలు నలభై అయిదు దాకా పోయి లాప్‌టాప్ కాలిపోయేది, దానికింద తడిగుడ్డ పరిచేది. వైశాఖ అష్టమికి మిగిలిన ముక్కలు తీసుకుంది. అప్పుడు ఆయనా పైకి వచ్చారు. మర అది తిప్పింది, ఏ గుంటకి ఏ గుంట పక్కనుంటుందో ఆయన చెప్పారు. కాలేజీ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నయా రాయపూర్‌లో ఒక చిన్న ఆఫీసుంది, ఇంకా కట్టని ఇళ్ళని కట్టేసినట్టు వీడియోలో నడిపించి చూపిస్తారు. వాళ్ళకి ఈ చంద్రుడి ముక్క పంపితే రమ్మన్నారు. జూన్ ఒకటినుంచి అది బస్సెక్కి అక్కడికి వెళ్తోంది. మొదటిరోజు టిఫిను డబ్బా ఆయనే బ్యాగులో పెట్టారు. ఆఫీసు పేరు, బాసు పేరు, బస్సు నంబరు అడిగి తెలుసుకున్నారు.

వానలు ఇంకా రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా మొత్తం పూర్తయిందని చెప్పింది. కిటికీలు మూసి, కర్టెన్లు లాగి, కూలరు పెట్టాం. ఆయన కుర్చీ వద్దని, చిన్న స్టూలు టీవీకి ఎదురుగా, బాగా దగ్గరగా వేసుకున్నారు. ఫణి పక్కన నేలమీద కూర్చుంది. నేను వాళ్ళ వెనక మంచంమీద.

దక్షిణాన గుంటలమీద మొదలైంది. కుదుపు లేకుండా, ఎప్పుడు కదిలిందో తెలియకుండా కదిలింది. కొండ అంచులు పైకి లేచి, నీడలు వాటి వెనక లోయల్లో పడి, ఒకటి దాటేసరికి ఇంకొకటి. ఆయన పేర్లు చెబుతూ పోయారు. క్లావియస్, టైకో, ఆర్జాకెల్. కొన్ని పేర్లు అవి తెరమీదికి రాకముందే చెప్పారు. ఒకచోట కెమెరా పక్కకి వంగి చంద్రుడి అంచువైపు చూసింది. అక్కడ కొండలు సాగదీసినట్టుగా, పలచగా ఉన్నాయి. ఆయన ముందుకు వంగారు.

"ఆపు. ఇక్కడ మసగ్గా ఉంది. బొమ్మే అలాగుందా, నా కన్నా?"

"బొమ్మే నాన్నా. అంచు కదా, భూమ్మీంచి ఏటవాలుగానే కనబడతాది. ఎవరు తీసినా అంతే."

"సరే, పోనీ."

మళ్ళీ కదిలింది. వెలుగూ చీకటీ కలిసే గీత పట్టుకుని పైకి పోయింది. ఉత్తరపు కొండల వరస ఎదురొచ్చింది. మైదానం మీదినుంచి ఒక్కసారిగా లేచిన కొండలు, ఒక్కో శిఖరానికీ విడిగా నీడ. నాకు వెనక మంచంమీంచే స్పష్టంగా కనబడుతున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇక్కడో?" అన్నారు.

ఫణి ఆయన మొహంలోకి చూసింది. నేను దాని వీపునే చూస్తున్నాను. అబద్ధం చెప్పినా ఆ పూట నేనేమీ అనుకునేదాన్ని కాదు.

"ఇక్కడ బాగానే ఉంది నాన్నా" అంది. "బాగా తేటగా ఉంది."

ఆయన స్టూలు వెనక్కి జరుపుకుని, నా మంచానికి ఆనుకున్నారు.

"అయితే నువ్వు చెప్పు" అన్నారు. "ఏటేటి వస్తన్నాయో చెప్పు."

అది మళ్ళీ మొదటికి తిప్పి, నెమ్మదిగా నడిపిస్తూ, చెప్పడం మొదలుపెట్టింది.